రీలు కెమెరా కొంటున్నారా? టార్చి పట్టుకెళ్లండి

ఫోన్‌లో రోజుకి వంద ఫొటోలు తీసే కుర్రాళ్లు కూడా ఇప్పుడు రీలు కెమెరా కావాలంటున్నారు. ‘తక్కువలో ఏ కంపెనీది కొనమంటారు?’ అని నన్ను అడుగుతుంటారు. విశాఖలో ఉన్నవాళ్లు కంపెనీ పేరుకంటే ముందు లెన్సులో బూజు ఉందా లేదా అన్నది చూసుకోవాలి.

మనది సముద్రపు గాలి. చీకటి, తేమ కలిసినచోట లెన్సు అద్దాల మధ్య ఫంగస్ పడుతుంది. తోలు సంచిలో పెట్టి, బీరువాలో తోసేసి, పాతికేళ్లు మరిచిపోయిన కెమెరా దానికి పుట్టిల్లు. బయటికి ధగధగా మెరుస్తూనే ఉంటుంది. అందుకే టార్చి కావాలి. షట్టర్‌ని ‘బి’ మీద పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, బటన్ నొక్కి పట్టుకోండి. లెన్సులోకి టార్చి ఏటవాలుగా వేసి, రెండోవైపు నుంచి చూడండి. దుమ్ము చుక్కలుంటే పర్లేదు. సాలెగూడులాంటి సన్నటి పోగులు కనిపిస్తే మాత్రం ఎంత చవగ్గా ఇస్తానన్నా దండం పెట్టి వచ్చెయ్యండి.

అసలు కొనేముందు ఇంట్లో అడగండి. మావయ్యగారి అటక మీదో, అమ్మమ్మ ట్రంకుపెట్టెలోనో యాషికా ఎంఎఫ్-2, లేదంటే హాట్‌షాట్ కెమెరా ఉండే ఉంటుంది. తొంభైల నాటి పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు చాలా ఇళ్లల్లో వాటితో తీసినవే. ఎంఎఫ్-2లో ఫోకస్ తిప్పే పని కూడా లేదు. మొదటి రీలుకి అది చాలు, ఖర్చు సున్నా.

కొనక తప్పదంటే బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేసే మెకానికల్ కెమెరా చూసుకోండి. పెంటాక్స్ కె1000, యాషికా ఎఫ్ఎక్స్-3 అలాంటివే. వాటి బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరు కోసమే. షట్టర్‌ని ఒక సెకనుకి పెట్టి నొక్కి చెవితో వినండి. మూడు సెకన్లు ఈడ్చుకుంటూ మూసుకుంటే లోపల జిడ్డు పట్టిందని అర్థం. వెనక తలుపు అంచున స్పాంజి కరిగి నల్లగా అంటుకుంటుంటే భయపడక్కర్లేదు, అది ఇంట్లోనే మార్చుకోవచ్చు.

కెమెరా ఖర్చు ఒక్కసారే. అసలు బరువు రీలుది. ఒకప్పుడు మన దేశంలోనే రీలు తయారయ్యేది. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో అమ్మేది. అది మూతపడింది. ఇప్పుడు మనం కొనేవి దిగుమతి సరుకే. నా ఈమధ్య లెక్క చెబుతాను. కలర్ రీలు, కడిగించడం, స్కాన్, కొరియర్ అన్నీ కలిపి 1,440 రూపాయలైంది. 36 ఫొటోలు. అంటే బటన్ నొక్కిన ప్రతిసారీ 40 రూపాయలు! కొత్త కెమెరాయే కావాలనుకుంటే 2022లో వచ్చిన కొడాక్ ఎక్టార్ హెచ్35 ఉంది. అది ఫ్రేముని సగం చేస్తుంది కాబట్టి అదే రీలుకి 72 ఫొటోలొస్తాయి.

కలర్ రీలు 38 డిగ్రీల దగ్గర కడగాలి, దాన్ని ల్యాబుకి వదిలెయ్యడం మంచిది. నెగెటివ్‌లు వెనక్కి కావాలని మాత్రం కాగితం మీద రాసి పంపండి. ఒకచోట ‘స్కాన్లు పంపించాం కదా సార్’ అని నావి పారేశారు. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఒక డెవలపింగ్ ట్యాంకు, డి-76 పొడి, హైపో, కిటికీ లేని బాత్రూము ఉంటే అయిపోతుంది. అప్పుడు నాకు ఫొటోకి పాతిక రూపాయల లోపే పడుతోంది. చిక్కల్లా మన ఎండలతోనే. ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 రీలుని నీళ్లు కలపని డి-76లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. మే నెలలో మన ట్యాంకు నీళ్లతో కాఫీ కలుపుకోవచ్చు! బకెట్లో ఐసు నీళ్లు పోసి, డెవలపర్ సీసాని అందులో నిలబెట్టండి. ఐసు ముక్కలు డెవలపర్‌లో వేస్తే అది పలచబడి లెక్క తప్పుతుంది.

మీటరు పాడైనా దిగులక్కర్లేదు. ఎండ బాగా ఉంటే ఎపర్చర్ ఎఫ్ 16, 200 ఐఎస్ఓ రీలుకి షట్టర్ 1/250. మబ్బు పడితే ఎఫ్ 8. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్ ఇసుక కళ్లు చెదిరేలా ఉంటే ఎఫ్ 22. అయినా ఆ వేళకి ఇంట్లో పడుకోవడమే మేలు. వెలుతురు కావాలంటే పొద్దున ఆరున్నరకి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి.

అక్కడే ఓసారి చేపలు వేరుచేస్తున్న పెద్దావిడని తీశాను. ‘ఏటి బాబూ, నా బొమ్మేదీ?’ అని కెమెరా వెనక్కి తిప్పి చూసింది. నల్లటి తలుపు తప్ప ఏమీ లేదు. ‘రీలు కడగాలమ్మా, పది రోజులు పడతాది’ అన్నాను. ‘అయితే ఇంకేటి చూపిస్తావు, అందరూ ఇలాగే అంటారు’ అంది. పదకొండో రోజు ప్రింటు పట్టుకెళ్లి ఇచ్చాను. చెయ్యి చీరకి తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసి, ‘నవ్వమని చెప్పలేదేటి?’ అని నన్నే కోప్పడింది. అందుకే నా బడ్జెట్‌లో ప్రింటు డబ్బులు కూడా కలిపే ఉంటాయి.

ఈ ఊళ్లో ఇంకో జాగ్రత్త ఉంది. నేవీ స్థలాలు, పోర్టు, స్టీల్‌ప్లాంటు లోపల కెమెరా తియ్యకండి. కాపలావాళ్లు ఆపితే ఫోన్‌లోలాగా ఆ ఒక్క ఫొటో డిలీట్ చేసి చూపించలేం. తలుపు తెరిచి రీలుని ఎండకి పెట్టమంటే, అంతకుముందు తీసినవీ పోతాయి.

వాడనప్పుడు కెమెరాని తోలు సంచిలోంచి తీసి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వానాకాలంలో పొట్లాలు మారుస్తుండాలి. రీళ్లు ఫ్రిజ్‌లో ఉంచి, వాడే రెండు గంటల ముందు బయట పెట్టండి. చల్లగా ఉండగానే డబ్బీ తెరిస్తే రీలు మీద చెమ్మ పడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినట్టు ఇంట్లో కూడా చెప్పండి. మా ఇంట్లో రెండు రీళ్లు హోమియో మందుల డబ్బాలోకి చేరిపోయి, నెల తర్వాత దొరికాయి.