బోల్టు ఎక్కడ పట్టింది?

సముద్రం ఒడ్డు ఊళ్లలో తిరిగిన కారు వయసు పైనుంచి చూస్తే తెలీదు. జాకీ ఎత్తి కింద చూడాలి. విశాఖలో నా షెడ్డుకి వచ్చే పాత కార్లలో మారుతి 800లే ఎక్కువ. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా చాలా ఇళ్లలో అది ఇంకా రోజూ బయటికి వెళ్లి వచ్చే మనిషే. గుంతలో పడ్డప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటక మంటుంటే తీసుకొస్తారు. "లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయినట్టున్నాయి, మార్చెయ్ బాబూ" అంటారు. బుష్ ఖరీదు కొంచెమే. పనంతా దాన్ని పట్టుకున్న బోల్టుతోనే. కూలీ ఎందుకంత అవుతుందో అడిగే హక్కు కారు యజమానికి ఉంది. అందుకే ఈ వివరం.

చక్రాన్ని కారు అడుగు భాగానికి కలిపే చెయ్యే లోయర్ ఆర్మ్. అది కారుకి తగిలే చోట ఉండే బుష్ వట్టి రబ్బరు ముక్క కాదు. మధ్యలో సన్నని ఉక్కు గొట్టం, దాని చుట్టూ అతుక్కున్న రబ్బరు, చాలావాటికి రబ్బరు బయట ఇంకో గొట్టం ఉంటాయి. బోల్టు ఈ లోపలి గొట్టంలోంచి దూరి, అటూ ఇటూ ఉన్న బ్రాకెట్టుని బిగించి పడుతుంది. బోల్టుకీ గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు. వాన నీళ్లు, ఉప్పు గాలి ఆ సందులోకి చేరితే ఆరే దారి లేదు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, తుప్పుని తొందరపెడుతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటుకి రెండింతలకు పైగా ఆక్రమిస్తుంది. సందు నిండిపోతుంది. బోల్టూ గొట్టమూ ఒకటైపోతాయి.

కాబట్టి పానా పెట్టి బలం చూపించే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: బోల్టు మరల దగ్గర పట్టిందా, గొట్టంలో పట్టిందా? నట్టు తిరగకపోతే మరల జబ్బు. నట్టు ఊడి వచ్చినా బోల్టు బయటికి రాకపోతే గొట్టం జబ్బు. బోల్టు తలని పానాతో కొంచెం తిప్పి వదలండి. అది తనంతట తాను వెనక్కి వస్తే, తిరిగింది బోల్టొక్కటే కాదు. గొట్టాన్నీ వెంట లాక్కుపోయింది, రబ్బరు మెలిపడి వెనక్కి గుంజింది. ఇక ఎంత తిప్పినా రబ్బరు చిరగడమే తప్ప బోల్టు రాదు.

మరల జబ్బయితే ఓపికే మందు. బయటికి కనిపించే మరల మీది మట్టీ తుప్పూ వైర్ బ్రష్‌తో తోమాలి. పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా నాననివ్వాలి. పన్నెండు మూలల రింగు పానా కంటే ఆరు మూలల సాకెట్ మేలు. నట్టు చదును ముఖాలని అది నిండుగా పడుతుంది, మూలలు అరగవు. ముందు బిగించే వైపు రవ్వంత నెట్టి, తర్వాత విప్పే వైపు తిప్పాలి. తుప్పు పొర అక్కడే చిట్లుతుంది. చిట్టచివరికి గ్యాస్ మంట. వేడి పెట్టాల్సింది నట్టుకి, బోల్టుకి కాదు. 12 మిల్లీమీటర్ల రంధ్రం వేడి 300 డిగ్రీలు పెరిగితే అది పెద్దదయ్యేది సుమారు 0.04 మిల్లీమీటరే. వేడి బోల్టులోకి పాకేలోపు ఆ కాస్త సందు చాలు. మంట పెట్టే ముందు బ్రేకు గొట్టాలూ పెట్రోలు పైపులూ ఎటు పోతున్నాయో చూసుకోవాలి. కొట్టిన ఆయిల్ తుడిచెయ్యాలి.

గొట్టం జబ్బుకి మంట పనికిరాదు. రబ్బరు కాలి నల్లటి పొగ చిమ్ముతుంది. మొదట నట్టుని బోల్టు కొసకి సమంగా తిప్పి ఉంచి, సుత్తితో కొట్టి చూస్తాను. నట్టు ఉంటే కొస చితికి పువ్వులా విచ్చుకోదు. నాలుగు దెబ్బలకి కదలకపోతే కొట్టడం ఆపేస్తాను. బ్రాకెట్టు వంగితే చక్రం లెక్కే తప్పుతుంది. అప్పుడిక కోతే. బ్రాకెట్టుకీ బుష్‌కీ మధ్య సందులో హ్యాక్‌సా బ్లేడు పెట్టి, గొట్టాన్నీ బోల్టునీ కలిపి, రెండు వైపులా కొయ్యాలి. ఆర్మ్ కిందికి దిగుతుంది, బోల్టు ముక్కలు బ్రాకెట్టులోంచి విడిగా వస్తాయి. బుష్ ఎలాగూ పారేసేదే కాబట్టి నష్టం బోల్టొక్కటే.

ఇదంతా కారు గట్టి స్టాండ్ల మీద కూర్చున్నాకే. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరి పెద్ద పానా గుంజడమంటే ప్రాణం పందెం పెట్టడమే. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి మొదటి రోజే చెప్పేది ఇది.

కొత్త బోల్టు ఏదో ఒకటి వేస్తే కుదరదు. తల మీద 8.8 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకి కనీసం 800 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. ఇనుప సామాన్ల కొట్లో దొరికే మామూలు 4.6 బోల్టు బలం అందులో సగమే. పాత బోల్టు తల మీద ఏ అంకె ఉందో అదే తేవాలి. బోల్టు ఒంటికి యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయాలి, రబ్బరుకి తగలనివ్వకూడదు. ఈ రోజు రాసిన ఆ పొర వల్లే ఇంకెప్పుడో ఇంకో మెకానిక్కు ఇదే బోల్టుని పానాతోనే విప్పగలుగుతాడు.

చివరి బిగింపు కారు నేల మీద, తన బరువు చక్రాల మీద మోస్తున్నప్పుడే వెయ్యాలి. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే కొత్త రబ్బరు తడి గుడ్డ పిండినట్టు మెలిపడిపోతుంది. రోజంతా ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. బుష్‌లు మార్పించుకునే ప్రతి యజమానీ ఈ ఒక్క మాట మెకానిక్కుని అడగాలి: "ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఉన్నప్పుడే వేశావా?" పని తెలిసినవాడు ఆ ప్రశ్నకి నొచ్చుకోడు.