శుక్రవారపు సామూహిక ప్రార్థన

దినమునకు ఐదు వేళల నమాజు ముసల్మానులకు విధి. ఇంటనో పొలముననో ఒంటరిగా చేసినను అది చెల్లును. శుక్రవారము మధ్యాహ్నపు జుమా నమాజు మాత్రము ఒంటరిగా చెల్లదు. జుమా యనగా కూడుట.

ఖురానులోని 62వ అధ్యాయమునకు ఈ దినము పేరే పెట్టబడినది. పిలుపు వినబడగానే బేరములు మాని రండనియు, ప్రార్థన ముగిసిన పిమ్మట నలుగడలకు పోయి దైవానుగ్రహమును వెదకుకొనుడనియు అందలి ఆదేశము. కావున ఇది పని మానవలసిన దినము కాదు. పని నడుమ కొంతసేపు ఆగవలసిన దినము. శృంగవరపుకోట వంటి ఊరిలో చిన్న దుకాణదారునకు ఆ కొంతసేపే పరీక్ష.

స్నానము చేసి, శుభ్రవస్త్రములు ధరించి మసీదు చేరుదురు. ఇమాము రెండు భాగములుగా ఖుత్బా, అనగా ధర్మోపన్యాసము, చేయును. నడుమ కొద్దిసేపు కూర్చుండును. అంతవరకు ఎవరును మాటలాడరాదు. తరువాత, నిత్యము ఆ వేళ చేయు నాలుగు రకాతులకు మారుగా రెండే చేయుదురు. స్త్రీలకు, బాటసారులకు, రోగులకు ఈ కూడిక తప్పనిసరి కాదు.

ఊరివారెల్లరు ఇట్లు కూడు పెద్ద మసీదునకు జామియా మసీదని పేరు. జుమా, జామియా ఒకే ధాతువునుండి పుట్టినవి. మన ప్రాంతమున శ్రీకాకుళములోని జామియా మసీదును గోలకొండ ప్రభువుల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాను 1641లో కట్టించెను. కట్టించినవాడు అధికారియే. కాని ధర్మము ననుసరించి, వరుసలో ముందు వచ్చినవానిదే ముందు చోటు. వాని ప్రక్కన భుజము కలిపి నిలుచువాడు కూలియైనను కావచ్చును.