పిల్లల ఆరోగ్య సేవలకు నిధులు: చిన్న సంస్థలకు దారి ఎందుకు ఇరుకైంది?

మారుమూల పల్లెల్లో పిల్లల పోషణ, వైద్యం కోసం పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకు విదేశీ విరాళం నేరుగా అందడం అరుదు. నగరంలోని పెద్ద సంస్థ నిధిని స్వీకరించి జిల్లాల్లోని సంస్థలకు పంచేది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించడంతో ఆ పంపకం నిలిచిపోయింది. విదేశీ నిధిని మరో సంస్థకు, దానికి రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, బదిలీ చేయరాదు. పాలనా వ్యయ పరిమితిని సైతం 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఆసుపత్రి వైద్యుని జీతం ఈ పరిమితిలోకి రాదు. లెక్కలు రాసే ఉద్యోగి జీతం వస్తుంది. పారదర్శకత, జవాబుదారీతనం కోసమే ఈ మార్పులని ప్రభుత్వం తెలిపింది. లెక్క పక్కాగా ఉండాలనడంలో తప్పు లేదు, కానీ ఆ లెక్క రాయడానికీ మనిషి కావాలి.

మరో ప్రధాన మార్గం కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం గల కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఇందుకు వెచ్చించాలి. పోషకాహార లోప నిర్మూలన, ఆరోగ్య సంరక్షణ ఏడో షెడ్యూలులోని తొలి అంశంలోనే ఉన్నాయి. నిధి కోరే స్వచ్ఛంద సంస్థకు మూడేళ్ల అనుభవం, 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 నమోదు తప్పనిసరి.

పత్రాలన్నీ ఉన్నా చిక్కు తీరదు. కంపెనీలు తాము పనిచేసే పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలని చట్టమే చెబుతోంది. కర్మాగారం లేని మన్యపు పల్లెలో బిడ్డ బరువు తూచే సంస్థకు ఆ ప్రాధాన్యం అందదు.