నిద్ర పట్టని బిడ్డలకు దేహవిశ్రాంతి

ఉదయము తరగతిలో కునికిపాట్లు పడు బాలుని సోమరియని నిందించుట కద్దు. గడచిన రాత్రి యతడెన్ని గంటలు మేల్కొనియుండెనో విచారించువారరుదు. ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు దినమునకు 9 మొదలు 12 గంటలును, 13 మొదలు 18 ఏండ్లవారికి 8 మొదలు 10 గంటలును నిద్ర వలయునని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016వ సంవత్సరమున ప్రకటించెను.

చేయి యెత్తుమన్న నెత్తగలము గాని నిద్రించుమన్న నిద్రింపజాలము. పరీక్షను గూర్చియో చీకటిని గూర్చియో భయపడు బిడ్డకు గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, వ్రేళ్లలోని రక్తనాళములు ముడుచుకొని చేతులు చల్లబడును. దేహము కావలి కాయుచుండగా నిద్ర యెట్లు వచ్చును? కావున మొదట దేహమును సడలింప నేర్పవలయును.

షికాగోలో పరిశోధనలు చేసిన వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో నిట్టి పద్ధతి నొక గ్రంథమున వివరించెను. ఒక్కొక్క కండరమును బిగించి, పిదప వదలి, ఆ రెంటి భేదమును గుర్తించుటయే దాని సారము. 1960-70 నడుమ దీనికి యంత్రసహాయము తోడయ్యెను. దానినే బయోఫీడ్‌బ్యాక్ అందురు. అనగా దేహస్థితిని దేహము గలవానికే వెంటనే చూపుట. వ్రేలికి చిన్న ఉష్ణమాపకమును గట్టుదురు. దానివలన నొప్పి లేదు. మనస్సు శాంతించినకొలది రక్తము వ్రేళ్లకు ప్రవహించి అవి వెచ్చబడును. తెరమీది యంకె పెరుగును. తాను చేసిన యభ్యాసము ఫలించుచున్నదని బిడ్డ కన్నులార చూచును. యంత్రము అద్దము వంటిది. విద్య యలవడిన పిమ్మట దానితో పని లేదు.

యంత్రము లేని యింటను దీని నభ్యసింపవచ్చును. సాయంకాల ప్రార్థన ముగిసిన పిదప దీపము తగ్గించి, ఫోనును వేరొక గదిలో నుంచి, పిల్లవానిని వెల్లకిల పరుండబెట్టవలెను. పిడికిళ్లు బిగించి, అయిదు లెక్కించి, వదలుమనవలెను. పిదప భుజములు, ముఖము, పాదములు. ఊపిరి మెల్లగా విడువవలెను. ఇది యీతవంటి విద్య. ఒక్క రాత్రిలో రాదు. పగటివేళ గూడ సాధన చేసిన త్వరగా నలవడును.

నిద్రలో గట్టిగా గురకపెట్టుచు ఊపిరి యాగుచున్నను, నిద్రలేమి వారములకొలది విడువకున్నను వైద్యునికి చూపవలయును.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా! కునుకు బిడ్డను దండించుటకు ముందు "రాత్రి నిద్ర పట్టినదా, నాయనా?" యని యడుగుడని మా మనవి.