బార్బర్టన్ కొండలనుండి పెండ్లిపందిరికి

మన పెండ్లిండ్లలో వధూవరుల వెనుక నిలుపు పుష్పాలంకరణమున, ఎఱుపు, పసుపు, నారింజ, గులాబి, తెలుపు వన్నెలతో అరచేయంత వెడల్పున విచ్చి చూపఱుల నాకర్షించునది జెర్బెరా. చామంతికిని బంతికిని ఇది జ్ఞాతియే; ఐనను మల్లెవలె పరిమళింపదు, దండలో నిముడదు, కొప్పున కమరదు, దేవతార్చనలో చామంతికిగల చోటు దీనికింకను దొరకలేదు. ఇన్ని కొఱతలున్న పూవునకు ఇంత గౌరవమును గల్పించినది వర్ణసంపద యొక్కటియే. ఆ సంపదయైనను అడవి యిచ్చిన వరము గాక, రెండు జాతుల కలయికవలనను, పెంచినవారి ఓర్పువలనను సమకూడినది.

దక్షిణాఫ్రికాయందలి బార్బర్టన్ బంగారుగనుల ప్రాంతమున రాబర్ట్ జేమ్సన్ సేకరించిన ఎఱ్ఱని అడవిపూవు, అతని పేర జెర్బెరా జేమ్సోనియై యని వ్యవహరింపబడి, 1889లో ఇంగ్లండున కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ పుటలలో వర్ణచిత్రముతో వెలువడినది. కేంబ్రిడ్జి వృక్షోద్యానమునకు పర్యవేక్షకుడుగా నుండిన రిచర్డ్ ఇర్విన్ లించ్ దానిని అదే ఖండమున పుట్టిన జెర్బెరా విరిడిఫోలియాతో సంకరము చేయగా, వాని సంతతిలో క్రొత్త ఛాయలు పొడసూపినవి. పిమ్మట ఫ్రాన్సు, హాలెండు దేశముల తోటలలో సాగిన ఎంపికవలన, నీలము దక్క దాదాపు ప్రతి రంగును దానికి లభించినది.

మనమొక పూవని చేతబట్టునది నిజమునకు వందలకొలది చిఱుపూవుల కూటమి. అంచున చాచుకొని రేకులుగా దోచునవన్నియు వేఱువేఱు స్త్రీపుష్పములు. నడుమ గుండ్రముగా నొదిగియున్నవి కేసరములును అండాశయమును గల ద్విలింగపుష్పములు. ఇవి అంచునుండి లోనికి వరుసవరుసగా విచ్చును. వెలుపలి రెండు మూడు వరుసలలో పుప్పొడి కనబడినపుడే కోతకు అదను. తొందరపడి కోసినచో పూవు త్వరలోనే మెడ వాలవేయును.

విత్తనమునుండి మొలచిన మొక్క తల్లి రంగును నిలుపదు గనుక, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పాలీహౌసులలో రైతులు టిష్యూకల్చర్ మొక్కలనే కొనితెచ్చి, ఎత్తైన మడులపై నాటుదురు. మొక్క మొదలు మట్టిలో కూరుకొన్నచో కుళ్లు తప్పదు. నీటితోపాటు ఎరువును డ్రిప్పు గొట్టములద్వారానే అందును. కోతకు కత్తి పనికిరాదు. కోయు స్త్రీ కాడను అడుగున పట్టి, కొంచెము మెలిత్రిప్పి ప్రక్కకు లాగగా అది మొదలంట నూడివచ్చును. మోడు మిగిలినచో అదియే తెగులునకు తావు. పిమ్మట ఒక్కొక్క పూవునకు పలుచని ప్లాస్టిక్ తొడుగు వేసి, పదేసి చొప్పున కట్టగట్టి గుడిమల్కాపూరు పూలమార్కెట్టుకు పంపుదురు.

ఇంత జాగరూకతతో పెరిగిన పూవును శుభ్రమైన నీట నిలిపి, కాడ కొనను అప్పుడప్పుడు కొంచెము కత్తిరించుచున్నచో, వారము పది దినములు వాడక నిలుచును. మనమో, ఒక్క రాత్రి విందుకొఱకు దానిని పొట్టికాడతో స్పాంజిలో గ్రుచ్చి, తెల్లవారకమున్నే చెత్తబండి కెక్కించుచున్నాము. పందిరి విప్పుటకు ముందే, సెలవు తీసికొను చుట్టములకు తాంబూలముతోపాటు నాలుగేసి పూవులు చేతికిచ్చి పంపినచో, లించ్ పడిన శ్రమయు, మన రైతు పడుచున్న శ్రమయు కొంతయైనను సార్థకమగును.