క్షయక్రిమి – ప్రతిరక్షకములు

సికింద్రాబాదునుండి అల్వాలు మీదుగా కరీంనగరము పోవు రాజబాటన హకీంపేట, శామీర్‌పేట చెరువు దాటి మరికొంత దూరము సాగినచో తుర్కపల్లి వచ్చును. ఒకప్పుడు చేలు, తోటలు తప్ప మరేమియు లేని ఈ ప్రాంతమున నేడు జీనోమ్ వ్యాలీ అను పేర టీకామందుల కర్మాగారములు వెలసినవి. పసిబిడ్డల నోట వేయు రోటావైరస్ చుక్కలు, 2021లో కోట్లాదిమంది చేయించుకొన్న కోవాగ్జిన్ టీకా ఇచ్చటి భారత్ బయోటెక్ సంస్థవారివే. ఆ సంస్థ 2024 మార్చిలో అంతకంటె మొండి శత్రువుమీద పరీక్షలు ప్రారంభించినట్లు ప్రకటించినది. ఆ శత్రువు క్షయ. మన పూర్వులు రాజయక్ష్మమని భయభక్తులతో పేర్కొన్న వ్యాధి.

మశూచికము లోకమునుండియే పోయినది. పోలియో మనదేశమునుండి పోయినది. కరోనాకు ఏడాది తిరుగకుండ టీకా వచ్చినది. క్షయక్రిమిని రాబర్ట్ కాక్ బెర్లినులో లోకమునకు ఎరుకపరచినది 1882 మార్చి 24న. నాటినుండి 140 ఏండ్లు దాటిపోయినను పెద్దవారి ఊపిరితిత్తులను నమ్మకముగా కాపాడు టీకా ఏల రాలేదు? 2023వ సంవత్సరమొక్కదానిలో ప్రపంచమున సుమారు ఒక కోటి 8 లక్షలమంది క్షయపాలైరి. పన్నెండున్నర లక్షలమంది మరణించిరి. రోగులలో నాలుగవవంతుకు పైగా మనదేశమువారే. కనుక ఈ ప్రశ్న పండితుల వినోదమునకు వేసినది కాదు.

1890లో రెండు వింతలు జరిగినవి. బేరింగ్, కిటసాటో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, కంఠసర్పివంటి వ్యాధులు సోకించిన జంతువుల రక్తరసములో ఆ విషమును విరిచివేయు పదార్థము పుట్టునని కనుగొనిరి. వీనినే ప్రతిరక్షకములు అనుచున్నాము. ఆ సంవత్సరముననే కాక్ మహాశయుడు ట్యూబర్కులిన్ అను మందుతో క్షయను జయించితినని చాటెను. మొదటిది నిలిచినది. రెండవది చికిత్సగా విఫలమై, క్షయక్రిమి ఒంటిలో ప్రవేశించినదో లేదో తెలిపెడు చర్మపరీక్షగా మాత్రము మిగిలినది. కంఠసర్పికి పనిచేసిన రక్తరసము క్షయకును పనిచేయునని గుఱ్ఱములనుండి తీసిన రసములతో ఎందరో ప్రయత్నించిరి. అవి ఏవియు నిలువలేదు.

కారణము క్రిమి నివాసములో ఉన్నది. కంఠసర్పి విషము రక్తములో తిరుగును, ప్రతిరక్షకము దానిని పట్టుకొనును. క్షయక్రిమియో, తనను మ్రింగి చంపవలసిన భక్షకకణములోనే మకాము పెట్టును. దొంగ వచ్చి ఠాణాలో కాపురమున్నట్లన్న మాట! మైనమువంటి కవచము దానికి కలదు. తన్ను జీర్ణించుకొను రసములు తనవద్దకు రాకుండ అడ్డుకొను నేర్పును కలదు. ఇతర సూక్ష్మజీవులు కొన్ని ఇరువది నిమిషములకే రెట్టింపగుచుండగా, ఇది ఇంచుమించు ఇరువది గంటలకు ఒక్కమారు చీలును. దానికి తొందర లేదు. కణము వెలుపల తిరుగు ప్రతిరక్షకము లోపలి క్రిమిని చేరజాలదు. భక్షకకణమును తట్టి లేపవలసినది టీ-కణములు. ఎయిడ్సు సోకినవారిని క్షయ అంత తేలికగా పట్టుటకు, ఆ వ్యాధి టీ-కణములనే హరించుట ముఖ్యకారణము.

ఈ సంగతి తెలియకనో, తెలిసియు లాభాపేక్షచేతనో, రక్తములోని ప్రతిరక్షకములను చూచి క్షయను నిర్ణయింతుమనెడు పరీక్షలు మన ప్రైవేటు ప్రయోగశాలలలో విరివిగా సాగినవి. ఏటా 15 లక్షలవరకు జరిగెడివని అంచనా. రోగము లేనివానికి ఉన్నదనియు, ఉన్నవానికి లేదనియు చెప్పు పరీక్ష అది. లేదన్న మాట నమ్మి ఇంటికి పోయిన రోగి దగ్గుచు తన పిల్లలకు పంచిపెట్టును. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వానిని వాడవద్దనెను. 2012లో భారతప్రభుత్వము నిషేధించెను. ఇంత ఆలస్యమేలనని అడుగక తప్పదు.

ఇక మనకున్న ఒకే ఒక టీకా బి.సి.జి. కాల్మెట్, గెరాన్ అను ఫ్రెంచివారు పశువుల క్షయక్రిమిని పైత్యరసము కలిపిన బంగాళాదుంప ముక్కలపై పదమూడేండ్లు, 230 మార్లు మార్చి మార్చి పెంచి, దాని కోఱలు ఊడదీసిరి. 1921లో అది మొదటిసారి శిశువునకు ఈయబడెను. 1948లో మనదేశమున ఈ టీకా ఆరంభమైనప్పుడు మదనపల్లె తొలి కేంద్రములలో ఒకటి. అచ్చటి ఆరోగ్యవరము శానిటోరియము 1915నుండి రోగులకు నీడనిచ్చినది. డెన్మార్కు దేశస్థులైన ఫ్రిమోట్-మొల్లర్ తండ్రికొడుకులు అచ్చట జీవితములు ధారపోసిరి. ఆ చుట్టుపట్ల పల్లెలలో టీకాను పరీక్షించగా పెద్దలకు కలిగిన రక్షణ స్వల్పమని తేలినది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలమందికి పైగా జనముపై జరిపిన మహాపరీక్షలోనైతే పెద్దల ఊపిరితిత్తుల క్షయకు రక్షణయే కానరాలేదు. అట్లని బి.సి.జి.ని తక్కువచేయరాదు. పసివారి మెదడుపొరలకు సోకు ప్రాణాంతక క్షయనుండి అది కాపాడుచునే యున్నది.

ప్రతిరక్షకములు క్షయ విషయమున బొత్తిగా నిరుపయోగములేనా? 2016లో అమెరికా పరిశోధకులు ఒక చిత్రమైన అంశము వెల్లడించిరి. క్రిమి లోపల అణగియున్నను రోగము బయటపడనివారి ప్రతిరక్షకములకును, రోగుల ప్రతిరక్షకములకును తోకనున్న చక్కెర అణువులలో భేదమున్నది. మొదటివారివి భక్షకకణములను చురుకుపరచి క్రిమిని చంపించుటలో మిన్నగా నున్నవి. పరిమాణముకంటె గుణము ముఖ్యమన్నమాట. నూరేండ్లు పక్కన పెట్టిన ప్రశ్నను తిరిగి తెరచినందుకు వారిని మెచ్చుకొనవలెను.

శామీర్‌పేటవారు చేపట్టిన టీకా పేరు ఎం.టి.బి.వ్యాక్. స్పెయినులోని జరగోజా విశ్వవిద్యాలయమున కార్లోస్ మార్టిన్ బృందము దీనిని రూపొందించగా బయోఫాబ్రి సంస్థ తయారుచేయుచున్నది. బి.సి.జి. పశువుల క్రిమి; ఇది మనుష్యునినుండి తీసిన క్రిమియే. రెండు జన్యువులను తొలగించి దానిని సాధువుగావించిరి. కనుక బి.సి.జి. పోగొట్టుకొన్న అనేక గుర్తులను ఇది మన దేహమునకు చూపగలదు. 2022లో ఆఫ్రికాలో శిశువులపై పెద్ద పరీక్ష మొదలైనది. 2024లో ఇచ్చట పెద్దవారిపై ఆరంభమైనవి భద్రతను, దేహపు స్పందనను తెలిసికొను పరీక్షలు.

అసలు చిక్కు ఆ తరువాతనే. కామెర్ల టీకా వేసిన పిదప రక్తములో ప్రతిరక్షకములు కొలిచి ఇతనికి రక్షణ కలిగినదని చెప్పవచ్చును. క్షయకు అట్టి కొలబద్ద లేదు. టీకా వేసినవారిని, వేయనివారిని వేలసంఖ్యలో చేర్చుకొని, వారి దగ్గు, కఫము, ఎక్స్‌రే చిత్రములు చూచుచు, ఎవరికి వ్యాధి వచ్చినదో లెక్కించుచు పోవలెను. చెంగల్పట్టులో ఆ లెక్క 15 ఏండ్లు సాగినది.