తడికలున్నాయి, కప్పు లేదు

బాలలూ! తూనీగలాగా గాలిలో ఒకేచోట నిలిచి, కిందనున్నదంతా బొమ్మ తీసే డ్రోనును మీలో చాలామంది చూసే ఉంటారు. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో ఇప్పుడది మామూలు సంగతి. దాన్ని ఎగరవేయడానికి కొన్ని నియమాలున్నాయి. అవి చెప్పేముందు నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను.

2024 ఆగస్టు 15న, నేను లోగడ పనిచేసిన బడికి జెండా పండుగ చూడటానికి వెళ్ళాను. పదో తరగతి కుర్రాడొకడు, మేనమామ కొనిచ్చిన చిన్న డ్రోనును తెచ్చాడు. "పైనుంచి తియ్యరా, మన బడి ఎలా ఉంటుందో చూద్దాం!" అని వాణ్ణి ప్రోత్సహించినవాణ్ణి నేనే. సాయంత్రానికి ఆ వీడియో ఊళ్ళో చాలా సెల్‌ఫోన్లకు చేరింది. నేనూ నలుగురికి పంపాను.

మూడోనాడు బడి వెనక ఇంటావిడ మా వాకిట్లోకి వచ్చింది.

"మాస్టారూ, ఆ బొమ్మలో మా పెరడు కూడా పడిందండీ. మా అమ్మాయి తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఎవరో ఆ ముక్క ఒక్కటే కత్తిరించి, పాట తగిలించి పదిమందికీ పంపారు. పిల్ల కాలేజీకి వెళ్ళనంటోంది. మా స్నానాల దొడ్డికి నిలువెత్తు తడికలున్నాయి గాని, పైన కప్పు లేదండీ. ఇన్నాళ్ళూ పైనుంచి మమ్మల్ని చూసింది కాకులే," అన్నదావిడ.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టుకుని, డ్రోను నియమాలన్నీ చదివాను.

మన దేశంలో డ్రోన్ల నియమావళి 2021 ఆగస్టు 25న వెలువడింది. అందులో మొదటి లెక్క బరువుది. 250 గ్రాములకు మించనిది నానో డ్రోను. అక్కడినుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నది, 150 కిలోల వరకు మధ్యరకం, ఆపైన పెద్దది. బరువుతో పనేమిటంటారా? డ్రోను నాలుగు చిన్న పంకాలమీద నిలుస్తుంది. రెండు సవ్యంగా, రెండు అపసవ్యంగా తిరుగుతాయి. అన్నీ ఒకే వైపు తిరిగితే డ్రోను ఒళ్ళు ఎదురు దిక్కుకు గిరగిరా తిరిగిపోతుంది. ఆ పంకాల్లో ఒకటి ఆగిందంటే, మామూలుగా డ్రోను అదుపు తప్పి కింద పడుతుంది. ఎంత బరువుంటే కిందివారికి అంత అపాయం!

నానో డ్రోనుకూ, వ్యాపారం కోసం కాకుండా ఎగరవేసే మైక్రో డ్రోనుకూ నడిపేవారి ధ్రువపత్రం అక్కర్లేదు. మిగతావాటికి కావాలి. అది పొందాలంటే పదో తరగతి ప్యాసై, 18 ఏళ్ళు నిండి, శిక్షణ పొందాలి. మినహాయింపు ఉన్నవి తప్ప, ప్రతి డ్రోనునూ నమోదు చేయించి, మోటారు బండికిలాగే దానికీ ఒక సంఖ్య తీసుకోవాలి.

రెండో లెక్క చోటుది. ఆకాశాన్ని పటంలో మూడు రంగులుగా విభజించారు. ఆకుపచ్చ చోట 120 మీటర్ల ఎత్తువరకు ముందుగా అనుమతి అడగనక్కర్లేదు. పసుపుపచ్చ చోట విమానాల రాకపోకలు చూసే అధికారుల అనుమతి కావాలి. ఎరుపు చోట కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటేనే ఎగరవేయాలి. విమానాశ్రయం సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 60 మీటర్లు దాటితేనే అనుమతి కావాలి. ఇంకా దగ్గరికి వస్తే కట్టుబాట్లు మరింత ఎక్కువ.

ఇదంతా చదివి కుర్రాడు, "మాస్టారూ, నా డ్రోను 250 గ్రాములు లేదు. మన ఊరికి దగ్గరలో విమానాశ్రయం లేదు. నేను 120 మీటర్లు దాటలేదు. మరి తప్పెక్కడ?" అన్నాడు.

మంచి ప్రశ్న! బరువులో, ఎత్తులో, చోటులో వాడు తప్పలేదు. కాని ఈ కొలతలన్నీ డ్రోను ఎవరిమీదా పడకుండా, దేన్నీ ఢీకొనకుండా కాపాడేవి. కెమేరా చూపు ఎక్కడ పడుతున్నదో అవి కొలవవు. దానికి వేరే న్యాయం ఉన్నది.

2012లో కె. ఎస్. పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి, ఆధార్ విషయమై సుప్రీం కోర్టుకు వెళ్ళారు. అప్పటికే ఆయనకు ఎనభై దాటాయి. ఆ వ్యాజ్యంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. మనిషి గోప్యత, రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే ప్రాణ స్వేచ్ఛలలో భాగమన్నారు. అంతేగాక, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను ఉన్నది. స్నానంవంటి ఏకాంత సమయంలో స్త్రీని దొంగచాటుగా చూసినా, బొమ్మ తీసినా, ఆ బొమ్మను పంచినా నేరమే. గోడమీదినుంచి తొంగిచూసినా, డ్రోనుతో చూసినా తేడా లేదు.

మా కుర్రాడికి ఆ దురుద్దేశం లేదు. కాని ఆనాడు డ్రోను పది నిమిషాలు ముందుగా లేచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే, ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

మర్నాడు ఇద్దరమూ ఆ ఇంటికి వెళ్ళి, తల్లికీ కూతురికీ క్షమాపణ చెప్పుకున్నాము. వీడియో చేరిన ప్రతివారినీ అడిగి తుడిపించాము. కొందరు మళ్ళీ ఎవరికి పంపారో తెలియలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. సెల్‌ఫోను దాటిన బొమ్మా అంతే. ఆ అమ్మాయి కాలేజీకి వెళ్ళడానికి మరో వారం పట్టింది.

అందుచేత బాలలూ, డ్రోను లేపేముందు పటం చూడండి, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. చుట్టుపక్కల ఇళ్ళవారికి వేళ చెప్పి, వద్దంటే మానుకోండి. కెమేరాను మీరు తీయవలసిన చోటుకే తిప్పండి. ఎవరి పెరడైనా పడితే, ఎవరికీ పంపకముందే ఆ ముక్క తీసేయండి.

2025 జనవరి 26న మా కుర్రాడు ముందురోజే ఇంటింటికీ వెళ్ళి చెప్పివచ్చాడు. బడి వెనక ఇంటావిడ వాణ్ణి కాస్సేపు చూసి, "నీ పని అయ్యాక ఒకసారి ఇటు రా బాబూ. మా సొరపాదు పందిరి పైనుంచి ఎలా ఉంటుందో నాకు చూపించు," అన్నది.